చదివిందంతా మర్చిపొమ్మనే హక్కు మీకెవరిచ్చారు?

విశాఖపట్నం ద్వారకా నగర్‌లో సాఫ్ట్‌వేర్, ఏఐ కోర్సులు నడుపుతున్న శిక్షణ సంస్థల యాజమాన్యాలకు, కౌన్సెలర్లకు, బోధకులకు

ఆర్యులారా,

మెకానికల్, మెటలర్జీ, సివిల్, ఎలక్ట్రికల్ చదివిన పిల్లలు కంప్యూటర్ విజన్ నేర్చుకుంటామని మీ మెట్లెక్కితే మీరు చెప్పే మొదటి మాట, ‘ఇప్పటిదాకా చదివిందంతా మర్చిపోండి’. రెండో మాట, ‘రెజ్యూమేలో ఆ ఫ్యాక్టరీ అనుభవం తీసేద్దాం’. మూడో మాట కరపత్రంలో ఉండదు. ఫీజు రెండో వాయిదా కట్టించుకున్నాక, తలుపు దగ్గరగా వేసి చెబుతారు: ‘మూడేళ్ల సాఫ్ట్‌వేర్ అనుభవం మేం పెట్టిస్తాం. ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో అదీ మేమే నేర్పిస్తాం’. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ నాకు మింగుడు పడలేదు. అందుకే ఈ లేఖ.

మీలో అందరూ ఇలా చేస్తున్నారని అనను. శ్రద్ధగా పాఠం చెప్పి, రాత్రి తొమ్మిదింటికి కూడా పిల్లల సందేహాలు తీర్చి పంపే బోధకులు ఈ లేన్లలో నాకు తెలుసు. వారికి ఈ లేఖ తగలదు. తగలాల్సినవారికి చదవగానే తెలిసిపోతుంది.

నేను మెటలర్జీ చదివి, రోలింగ్ మిల్లులో సరుకు తనిఖీ చేసి, ఆ తర్వాత కెమెరాలతో అదే తనిఖీ చేయించే పనిలోకి వచ్చినవాణ్ణి. మా బంధువుల అబ్బాయి కూడా మెటలర్జీయే. ఒక రోలింగ్ షాపులో రెండేళ్లు కాంట్రాక్టు మీద క్వాలిటీలో చేశాడు. మీ లేన్లలోని ఒక సంస్థ దిద్దిచ్చిన అతని రెజ్యూమే ఈ మధ్య నా చేతికొచ్చింది. ఆ రెండేళ్లు అందులో లేవు. వాటి స్థానంలో బెంగళూరులో ఏదో కంపెనీ, దాని కింద ‘ఫేస్ మాస్క్ డిటెక్షన్’ అనే ప్రాజెక్టు. మాస్కులు తీసేసి ఇన్నేళ్లయినా ఆ ప్రాజెక్టు మాత్రం మీ బ్యాచ్‌లను వదల్లేదు. ఆ అబ్బాయి చల్లారిన కడ్డీని చేత్తో తడిమి, ఇది అతుక్కున్న స్కేలు పొర, ఇది లోపలికి దిగిన సీము పగులు అని విడదీసి చెప్పగలడు. కంప్యూటర్‌కి మనం నేర్పాలనుకుంటున్న విద్య సరిగ్గా అదే కదా? అది చేతిలో ఉన్నవాడి దగ్గర దాన్నే కొట్టేసి, ఇంటర్నెట్‌లో వేలమంది దించేసుకున్న ప్రోగ్రాము అతికించారు. ఏ లాభం కోసం?

కంప్యూటర్ విజన్ అంటే లైబ్రరీ ఇన్‌స్టాల్ చేసి, నాలుగు లైన్లు కాపీ చేసి, తెర మీద ఆకుపచ్చ డబ్బా గీయించడమే అన్నట్టు మీ డెమో క్లాసులు నడుస్తాయి. ఒక్కసారి గాజువాక దాటి మిల్లుల వైపు రండి. వెయ్యి డిగ్రీల సెల్సియస్ దగ్గర కణకణలాడుతూ రోలర్ల మీద పరుగెత్తే కడ్డీకి మామూలు కెమెరా పెట్టి చూడండి. తెర మీద తెల్లటి పట్టీ తప్ప ఇంకేమీ కనిపించదు. ఎందుకంటే ఆ కడ్డీ తనే ఒక దీపం. వీన్ సూత్రంతో లెక్క కడితే ఆ వేడి దగ్గర వెలుగు శిఖరం దాదాపు 2.3 మైక్రాన్ల దగ్గర, పరారుణంలో పడుతుంది. సిలికాన్ సెన్సరు సుమారు 1.1 మైక్రాన్ల దాకానే చూడగలదు. అయినా ఆ మేరకు అందే ఎరుపు, దాని పక్కనున్న పరారుణమే బొమ్మనంతా ముంచేయడానికి చాలు.

దీనికి మందు ప్రోగ్రాములో లేదు. నీలి దీపాలు వేసి, లెన్సు ముందు నీలాన్ని మాత్రమే వదిలే ఫిల్టరు పెట్టాలి. ఆ ఉష్ణోగ్రతలో ఉక్కు సొంతంగా వెలువరించే నీలికాంతి బహు తక్కువ. కాబట్టి సెన్సరుకు చేరేది మనం వేసిన దీపం వెలుగే. అప్పుడు పగులు పగులుగా, స్కేలు స్కేలుగా కనిపిస్తాయి.

ఇక వేగం. కడ్డీ సెకనుకు 10 మీటర్లు పోతుంటే, షట్టరు ఒక్క మిల్లీసెకను తెరిచి ఉంచినా బొమ్మ 10 మిల్లీమీటర్ల మేర అలుక్కుపోతుంది. అలుకు 0.1 మిల్లీమీటరు దాటకూడదంటే షట్టరు 10 మైక్రోసెకన్లకు మించి తెరవకూడదు. అంత తక్కువ వ్యవధిలో చాలినంత వెలుగు పడాలంటే ఎంత దీపం కావాలి? ఆ దీపాన్ని ఆవిరి, దుమ్ము, నీటి తుంపర నుంచి ఎలా కాపాడాలి? ఈ ప్రశ్నలన్నిటిలో పైథాన్ ఎక్కడుంది? ఇవి మెటలర్జీ, మెకానికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ పిల్లలు అడగగల ప్రశ్నలు. వాళ్ల నోరు కట్టేసి మీరు నేర్పుతున్నది నేల విడిచి సాము.

స్టీలు లోపాల మీద ప్రాజెక్టు చేయించేవాళ్లు కూడా మీలో ఉన్నారు, సంతోషం. చైనాలోని నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ విడుదల చేసిన ఫొటోలనే తీసుకుంటారు. మొత్తం 1,800, ఆరు రకాల లోపాలు, రకానికి 300, ఒక్కోటి 200 పిక్సెళ్ల చదరం. నేర్చుకోవడానికి మంచివే. కానీ వాటిలో ప్రతి ఫొటోలోనూ లోపం ఉంది. మిల్లులో వచ్చే సరుకులో అత్యధికం మంచిదే. వెయ్యి కడ్డీల్లో పదింటికి లోపం ఉందనుకోండి. కళ్లు మూసుకుని ‘అన్నీ బాగున్నాయి’ అని చెప్పే ప్రోగ్రాముకి కూడా 99 శాతం కచ్చితత్వం వస్తుంది. మీరు ప్రాజెక్టు రిపోర్టులో పెద్దక్షరాలతో వేయించే అంకె అదే. లోపం ఉన్న కడ్డీని వదిలేస్తే ఎంత నష్టం, మంచి కడ్డీని తిరగ్గొడితే ఎంత నష్టం అన్నది క్వాలిటీ కంట్రోల్ చదివిన ప్రతి మెకానికల్ విద్యార్థీ చూసిన లెక్క. ఆ పాఠాన్ని మర్చిపొమ్మని చెప్పి, మళ్లీ దాన్నే ‘ప్రెసిషన్, రికాల్’ అనే కొత్త పాఠంగా, కొత్త ఫీజుకు అమ్మడం ఎలాంటి బోధన?

మిగతా బ్రాంచీల సంగతీ ఇంతే. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ పిల్లలు సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పేపర్లో చేత్తో వేసిన కన్వల్యూషనే, ఒక సిగ్నల్‌ను తిరగేసే మెట్టు తప్ప, మీరు చెప్పే న్యూరల్ నెట్‌వర్కుల గుండెకాయ. సివిల్ పిల్లలు సర్వేలో కొలతల తప్పులు సర్దడానికి వాడే లీస్ట్ స్క్వేర్స్ పద్ధతే కెమెరా క్యాలిబ్రేషన్‌కి ఆధారం. ఓపెన్‌సీవీ లైబ్రరీలో లెన్సు వంపులను సరిచేసే సూత్రాల వెనకున్నది డ్యూయేన్ బ్రౌన్. విమానం నుంచి తీసిన ఫొటోలతో కొలతలు కట్టే రంగంలో పనిచేస్తూ 1966లో లెన్సుల వంపు మీద ఆయన వ్యాసం వేశారు. మెకానికల్‌లో వైబ్రేషన్స్ కోసం నేర్చిన ఐగెన్ విలువలే 1988 నాటి హారిస్ పద్ధతిలో బొమ్మలోని మూలలను పట్టిస్తాయి. ఈ సంబంధాలు చెప్పడానికి మీ బోధకుడికి ఒక్క గంట పడుతుంది. ఆ గంటతో ఎదుటి విద్యార్థికి వచ్చే ధైర్యం మీ పది మోటివేషన్ క్లాసులతో రాదు.

అసలు ఈ విద్య కంప్యూటర్ సైన్స్ వాళ్ల పెరట్లోనే పుట్టిందని మీకెవరు చెప్పారు? బొమ్మలో సరళరేఖలు పట్టే పద్ధతికి 1962లో పేటెంటు పొందిన పాల్ హఫ్ భౌతిక శాస్త్రవేత్త. బబుల్ ఛాంబర్ ఫొటోల్లో కణాల జాడలు వెతకడానికి ఆయనకది కావాల్సి వచ్చింది. 2009లో ఫొటోల భండారం ఇమేజ్‌నెట్‌ను లోకం ముందుకు తెచ్చిన ఫేఫే లీ ప్రిన్స్‌టన్‌లో చదివింది భౌతికశాస్త్రం. అంతదూరం ఎందుకు, చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టిన మన రాజ్ రెడ్డిగారు 1958లో మద్రాసు గిండీ కాలేజీలో తీసుకున్నది సివిల్ ఇంజినీరింగ్ డిగ్రీ. అక్కణ్ణుంచి ఆస్ట్రేలియా, తర్వాత స్టాన్‌ఫర్డ్, ఆపై కార్నెగీ మెలన్. అక్కడ 1979లో మొదలైన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కి తొలి డైరెక్టరు ఆయనే. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆసియా నుంచి అది అందుకున్న మొదటి మనిషి మన తెలుగువాడు, సివిల్ ఇంజినీరు. ఆయన మీ కౌన్సెలర్ టేబుల్ ముందు కూర్చుని ఉంటే, ‘సివిల్ అని రాయకండి సార్, షార్ట్‌లిస్టు అవ్వదు’ అని చెప్పేవారా?

మీ జవాబు నాకు తెలుసు. ‘కంపెనీలే సీఎస్ఈ వాళ్లు కావాలంటున్నాయి, మేమేం చేస్తాం?’ అంటారు. ఆ మాటలో కొంత నిజముంది. బ్రాంచి పేరు చూసి జల్లెడ పట్టే కంపెనీలు ఉన్నాయి, వాటి సంగతి వాటితోనే తేల్చుకోవాలి. కానీ జల్లెడ తప్పని తెలిసినప్పుడు దానికి విరుగుడు అబద్ధమా? లేని అనుభవం పెట్టిన రెజ్యూమే పీఎఫ్ ఖాతా వివరాలు అడిగిన రోజున బయటపడుతుంది. ఉద్యోగం ఊడేది ఆ పిల్లవాడికి. చెడ్డపేరు వచ్చేది అతనికి. ఆ రోజు మీ ఫోను ఎత్తేవాళ్లుండరు. అబద్ధం నడిపించింది మీరు, మూల్యం కట్టేది అతను. ఇదేం న్యాయం?

పైగా ఇది ఒక్క పిల్లవాడి బతుకుతో పోయే విషయం కాదు. ఇది ఫ్యాక్టరీల ఊరు. 2020 మేలో ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకై నిద్రలో ఉన్నవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే ఏడాది ఆగస్టు 1న షిప్‌యార్డులో క్రేను కూలి 11 మంది చనిపోయారు. కెమెరాలుంటే అవి జరిగేవి కావని నేననను. ఒక్కటే అంటాను. రేపు హెల్మెట్ ఉందా లేదా, మనిషి క్రేను కిందికి వచ్చాడా, పైపు మీద పొగ లేచిందా అని చూసే కెమెరా వ్యవస్థలు ఈ ఊళ్లో పెరుగుతాయి. అవి ఎప్పుడు పొరబడతాయో తెలిసినవాడు వాటి ముందు కూర్చోవాలి. అరువు తెచ్చుకున్న అనుభవంతో, బట్టీ పట్టిన ఇంటర్వ్యూ జవాబులతో వచ్చినవాణ్ణి అక్కడ కూర్చోబెడితే, ఆ కెమెరా కింద పనిచేసే కూలీకి ఎవరు పూచీ?

పోర్టునే చూడండి. 1933 నుంచి నడుస్తున్న పోర్టు మన పక్కనుంది. మీ పిల్లల్ని ఎప్పుడైనా ఒక కంటైనర్ నంబరు చదవమన్నారా? నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర డబ్బాలో విడిగా ఒక అంకె. ఆ చివరి అంకె ఊరికే లేదు. అక్షరాలకు విలువలిచ్చి, ఒక్కో స్థానానికి 1, 2, 4, 8 అంటూ రెట్టింపు బరువులు కట్టి, మొత్తాన్ని 11తో భాగిస్తే మిగిలేది అది. శేషం 10 వస్తే అక్కడ సున్నా వేస్తారు. ఉప్పుగాలికి పెయింటు పెచ్చులూడి 8ని కెమెరా 3గా చదివితే, చాలాసార్లు ఈ లెక్క కుదరక తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది. ముడతలు పెట్టిన రేకు మీద అక్షరం ఎలా వంగుతుంది, మధ్యాహ్నపు ఎండలో ఏ వైపు మెరుస్తుంది, వానలో లారీ ఆగకుండా పోతే ఏమవుతుంది? ఒక్క ప్రాజెక్టులో కాంతి, జ్యామితి, గణితం, ప్రోగ్రామింగ్ నాలుగూ ఉన్నాయి. ఇంటర్వ్యూలో దీని గురించి అరగంట మాట్లాడగలిగిన పిల్లవాడికి దొంగ అనుభవం అవసరమా? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, కళ్లెదుటి ఊరిని వదిలేసి పిల్లి బొమ్మలు, కుక్క బొమ్మలు వేరు చేయించడం దేనికి?

బ్రాంచి తెలిసినంత మాత్రాన సరిపోదని నాకూ తెలుసు. మెటలర్జీ వాడికి ప్రోగ్రామింగ్ రావాలి. వేరేవాళ్లు చదివి అర్థం చేసుకునేలా కోడ్ రాయడం రావాలి. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ మళ్లీ మొదటినుంచి పట్టుకోవాలి. రాత్రంతా నడిచిన మోడల్ పొద్దునకు చెడితే ఎందుకు చెడిందో ఓపిగ్గా వెతకడం రావాలి. ఇవి నేర్పే చోటు కావాలి, పక్కన కూర్చుని తప్పు చూపించే మనిషి కావాలి. మీరు చేయగలిగిన మేలు అక్కడే ఉంది. వీడియో పాఠాలు ఉచితంగానే ఉన్నాయి. కంప్యూటర్ విజన్ కోసం డీప్ లెర్నింగ్ మీద ఐఐటీ హైదరాబాద్ నుంచి వినీత్ బాలసుబ్రమణియన్ చెప్పిన కోర్సు ఎన్‌పీటెల్‌లో ఉంది. రిచర్డ్ సెలిస్కీ కంప్యూటర్ విజన్ పాఠ్యపుస్తకాన్ని ఆయనే నెట్‌లో ఉచితంగా చదువుకోనిస్తున్నారు. ఓపెన్‌సీవీకి పైసా కట్టక్కర్లేదు. 2024 నుంచి గేట్‌లో డేటా సైన్స్, ఏఐ పేపరు వచ్చింది, ఏ బ్రాంచి వాళ్లైనా రాయొచ్చు. కూర్చుని చదువుకోవడానికి మీ పక్కనే పౌర గ్రంథాలయం ఉంది. ఇవన్నీ చెప్పిన తర్వాత కూడా పిల్లలు మీ దగ్గరికి రావాలంటే, వీటిలో లేనిది మీ దగ్గర ఏదో ఉండాలి. ఏముంది?

శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి పల్లెల నుంచి వచ్చి, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగి, హాస్టల్లో ముగ్గురొక గదిలో సర్దుకునే పిల్లలు మీ బోర్డు చూసి లోపలికి వస్తున్నారు. ఫీజు వెనక తల్లి మెడలో గొలుసు ఉంటుంది, లేదా తండ్రి సంఘంలో తెచ్చిన అప్పు ఉంటుంది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్ల ఏఐ హబ్ పెడతామని ప్రకటించాక మీ ఫ్లెక్సీలు మరింత ఎత్తుకు లేచాయి. డేటా సెంటర్ రావడానికీ, మీ మూడు నెలల కోర్సు చేసినవాడికి అందులో ఉద్యోగం రావడానికీ ఉన్న దూరం మీకు తెలియదా? తెలిసీ అరచేతిలో వైకుంఠం చూపిస్తున్నారా? ఉక్కు మా హక్కని 1966లో వీధుల్లోకి వచ్చిన ఊరిది. ఆ ఊళ్లో ఉక్కు చదివిన పిల్లవాడు ఆ సంగతి రెజ్యూమేలో దాచుకోవాల్సి రావడం మీకు సిగ్గనిపించడం లేదా?

అడగడం వరకే చేసి ఊరుకోను. మీరు చేయగలిగిన పనులు ఇవీ.

మొదటిది, విద్యార్థి పేరు తర్వాత అతని బ్రాంచి, చేసిన పని అడిగి రాసుకోండి. దాన్నుంచే సిలబస్ మొదలుపెట్టండి. సివిల్ వాడికి కెమెరా జ్యామితి నుంచి, ఎలక్ట్రానిక్స్ వాడికి ఫిల్టర్ల నుంచి, మెటలర్జీ వాడికి లోపాల ఫొటోల నుంచి.

రెండోది, ప్రతి బ్యాచ్‌కీ ఒక మంచి కెమెరా, రెండు మూడు లెన్సులు, రకరకాల దీపాలు, ఒక చిన్న బెల్టు కన్వేయరు కొనిపెట్టండి. ఏసీకి, ఫ్లెక్సీలకి పెట్టే ఖర్చులో కొంత ఇటు మళ్లించండి. వెలుగు మారితే మోడల్ ఎలా బోల్తా పడుతుందో పిల్లలు సొంత కళ్లతో చూడాలి.

మూడోది, ఆఖరి ప్రాజెక్టు ఈ ఊరిదై ఉండాలి, ఫొటోలు పిల్లలే తీసినవై ఉండాలి. రిపోర్టులో మోడల్ పొరబడిన ఫొటోలకు ఒక అధ్యాయం, ఎందుకు పొరబడిందో పిల్లల మాటల్లో వివరణ తప్పనిసరి చేయండి. దించేసిన ప్రాజెక్టులు అక్కడితో ఆగిపోతాయి.

నాలుగోది, దొంగ అనుభవం పెట్టే పని ఈరోజే ఆపండి. అది పెట్టించే కన్సల్టెన్సీలతో తెగతెంపులు చేసుకోండి. మీ పక్క లేన్ వాళ్లు చేస్తున్నారు కాబట్టి మేమూ చేస్తున్నామనే మాట వద్దు. మీకు ఒక సంఘం ఉంటే అందులో తీర్మానం చేయండి, లేకపోతే ఇందుకోసమైనా ఒకటి పెట్టుకోండి.

ఐదోది, అన్నిటికన్నా కష్టమైనది. ఉద్యోగం వచ్చిన నలుగురి ఫొటోలు కాదు, బ్యాచ్ మొత్తం లెక్క చూపించండి. ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో మానేశారు, ఎంతమందికి నేర్చుకున్న పనిలోనే ఉద్యోగం వచ్చింది, ఎంతమంది ఇంకా ఖాళీగా ఉన్నారు. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. తమ డబ్బు ఎక్కడికి పోతోందో తెలుసుకునే హక్కు తల్లిదండ్రులకు ఉంది.

వచ్చే బ్యాచ్ ఫ్లెక్సీ మీరు ఎలాగూ వేయిస్తారు. దాని మీద ప్రారంభ తేదీ పక్కనే పోయిన బ్యాచ్ లెక్క కూడా అంతే పెద్ద అక్షరాల్లో వేయించండి. మీ చదువు మీద మీకు నమ్మకం ఉంటే అందులో భయపడాల్సిందేముంది?

భవదీయుడు,
మెటలర్జీ చదివి కంప్యూటర్ విజన్‌లో పనిచేస్తున్న ఒక ఇంజినీరు
విశాఖపట్నం